40 మి.మీ. కిందికి దించిన పోలోకి బంప్ స్టాప్ ఎంత పొడవుండాలి?

ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాని సారాంశం రాస్తాను. కారు హైదరాబాద్‌లో తిరిగే 2015 డీజిల్ పోలో. దానికి 40 మి.మీ. లోయరింగ్ స్ప్రింగులు వేశారు. షాక్ అబ్జార్బర్లు, బంప్ స్టాపులు (చక్రం పైకి లేచినప్పుడు ప్రయాణం చివర అడ్డుపడే, షాక్ రాడ్డు మీది మెత్తని ముక్కలు) కంపెనీవే ఉంచారు. ఇప్పుడు చిన్న గుంతకే ముందువైపు ధడ్‌మని కొడుతోంది. ఒక మెకానిక్ స్టాపులు సగానికి కోసేద్దామంటున్నాడు. ఇంకొకరు వాటిని పూర్తిగా తీసేస్తే మెత్తగా పోతుందన్నారు. ఎంత కోయాలన్నది ప్రశ్న.

కొలతలు మీరే ఇచ్చారు. ఖాళీ కారు నేల మీద ఉన్నప్పుడు ముందు స్ట్రట్ (స్ప్రింగ్ మధ్యలో నిలబడే షాక్) బాడీ పై అంచు నుంచి స్టాప్ కూర్చునే కప్పు దాకా రాడ్డు 90 మి.మీ. కనిపిస్తోంది. స్టాప్ పొడవు 68 మి.మీ. స్ప్రింగ్ తీసేసి జాకీతో చక్రాన్ని లేపితే, ఆ 90 కాస్తా 18కి వచ్చేసరికి టైరు వెళ్లి ఫెండర్ (మడ్‌గార్డు) లోపలి లైనర్‌కు తగిలింది. చక్రం కూడా తీసేసి లేపితే 6 మి.మీ. దగ్గర షాక్ లోపల అడుగుకు తగిలింది. వెనక రాడ్డు 110, స్టాప్ 80. స్ప్రింగ్ తీసి ఇంత ఓపిగ్గా కొలిచి అడిగేవాళ్లు తక్కువ. కొలతలున్నాయి కాబట్టే ఊహలతో పని లేకుండా సమాధానం చెప్పగలుగుతున్నాను.

ముందు జవాబు. సగానికి కోయొద్దు, తీసేయడమైతే అసలే వద్దు. ముందువైపు 48 మి.మీ. స్టాప్ పెట్టి, దాని పైన 10 మి.మీ. ప్యాకర్ (ఎత్తు పెంచే గట్టి రింగు) వేయండి. వెనక స్టాప్‌ను ముట్టుకోవద్దు. ఇదంతా చేశాక కూడా ఆ కారు మన రోడ్లకు 10 నుంచి 15 మి.మీ. ఎక్కువగా దిగి ఉందనే నా అభిప్రాయం. ఈ అంకెలు ఎలా వచ్చాయో చూద్దాం.

చాలామంది స్టాప్‌ను ఇనుము ఇనుముకు తగలకుండా చివర్లో అడ్డుపడే రబ్బరు ముక్క అనుకుంటారు. అది చేసే పనిలో ఇది ఒక భాగం మాత్రమే. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండేది మామూలు రబ్బరు కాదు, సన్నని గాలి గదులతో నిండిన పాలియురెథేన్. బీఏఎస్ఎఫ్ కంపెనీ సెల్లాస్టో పేరుతో తయారుచేసేది ఈ రకమే. దీన్ని నొక్కితే ముందు గాలి గదులు మూసుకుంటాయి, అందుకే పక్కలకు పెద్దగా ఉబ్బదు. మొదటి మూడో వంతు దాకా చాలా మెత్తగా దిగుతుంది, సగం దాటాక బిగుసుకుంటుంది. పొడవులో సుమారు 75 శాతం నొక్కుకున్నాక దాదాపు గట్టి దిమ్మ అయిపోతుంది. గట్టి రబ్బరు సంగతి వేరు. దాని ఘనపరిమాణం తగ్గదు కాబట్టి పక్కలకు ఉబ్బుతుంది, సగం పొడవు నొక్కేలోపే బిగుసుకుపోతుంది. కాబట్టి దుకాణంలో నల్లటి గట్టి రబ్బరు ముక్క చూపించి అదీ ఇదీ ఒకటేనంటే తీసుకోకండి.

అంటే స్టాప్ కూడా ఒక స్ప్రింగే. అసలు స్ప్రింగ్ పక్కన ఆలస్యంగా పనిలోకి దిగి, దిగినకొద్దీ గట్టిపడే రెండో స్ప్రింగ్. కంపెనీలు కూడా దీన్ని ఇలాగే లెక్కలోకి తీసుకుంటాయి. 2021లో మన దేశంలోకి వచ్చిన సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్‌లో షాక్ లోపలే ప్రయాణం చివర హైడ్రాలిక్ స్టాపులు పెట్టారు. ఆ కారు మెత్తదనం గురించి కంపెనీ చేసిన ప్రచారంలో వాటి గురించి గట్టిగా చెప్పుకుంది. సస్పెన్షన్ ప్రయాణంలో చివరి కొన్ని సెంటీమీటర్లకు అంత విలువ ఉంది.

ఇక లెక్క. దాదాపు అందరూ పైనుంచి మొదలుపెడతారు. రాడ్డు ఇంత ఉంది, స్టాప్ ఇంత ఉంది, మధ్యలో ఖాళీ తక్కువైంది, కాబట్టి కోద్దాం అంటారు. ఈ లెక్కను కింది నుంచి మొదలుపెట్టాలి. స్టాప్ పూర్తిగా నొక్కుకుని దిమ్మ అయ్యేసరికి కారులో మరేదీ మరోదానికి తగలకూడదు. అన్నిటికంటే ముందు తగిలేది ఏది? మీ కారులో టైరు, 18 మి.మీ. దగ్గర. షాక్ అడుగు 6 దగ్గర ఉంది కాబట్టి దాని గురించి విడిగా టెన్షన్ అక్కర్లేదు, టైరును కాపాడితే షాక్ కూడా బాగుంటుంది. జాకీతో నెమ్మదిగా లేపి కొలిచిన 18 మీద నేనైతే మరో 4 కలుపుతాను. నిజంగా గుంతలో పడినప్పుడు పైనున్న స్ట్రట్ మౌంటింగ్ రబ్బరు కాస్త నొక్కుకుంటుంది, కింద కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు వంగుతాయి, స్టీరింగ్ తిప్పి ఉంటే టైరు వేరే చోట తగులుతుంది. మీరు చక్రం నేరుగా ఉంచి మాత్రమే కొలిచి ఉంటే, రెండు వైపులా పూర్తిగా తిప్పి ఇంకోసారి చూడండి. పెద్ద అంకె వస్తే దాన్నే తీసుకోండి.

కాబట్టి మీ స్టాప్ దిమ్మ అయ్యాక మిగలాల్సిన ఎత్తు 22 మి.మీ. ఈ అంకె మారదు. మిగతావన్నీ దీని నుంచే వస్తాయి.

ఇప్పుడు ఉన్న 68 మి.మీ. స్టాప్ 75 శాతం నొక్కుకుంటే 17 మిగులుతుంది. అంటే కంపెనీ స్టాప్ కోయకుండా ఉన్నప్పుడే, గట్టి దెబ్బలో టైరు లైనర్‌ను ఒక మి.మీ. మేర తాకుతోంది. మెకానిక్ చెప్పినట్టు సగానికి, అంటే 34కి కోశారనుకోండి, మిగిలేది 8.5. స్టాప్ తన పని పూర్తిచేసేలోపే టైరు ఫెండర్ లోపల దాదాపు ఒక సెంటీమీటరు మేర నొక్కుకోవాలి. లైనర్ చిరుగుతుంది, ఆ వెనకాల ఫెండర్ మడత అంచు టైరు భుజాన్ని కోస్తుంది. అటు షాక్ అడుగుకు మిగిలిన దూరం రెండున్నర మి.మీ. మాత్రమే. స్ట్రట్ మౌంటింగ్ నొక్కుడు, బుష్‌ల వంపు కలిస్తే అదీ ఉండదు. రెండు గొట్టాల షాక్‌లో పిస్టన్ కింద అడుగు వాల్వ్ ఉంటుంది. దాన్ని కొన్నిసార్లు గట్టిగా కొడితే చాలు, షాక్ పనైపోతుంది. బయటికి నూనె కారదు కాబట్టి చెడిపోయిన సంగతి కూడా వెంటనే తెలియదు.

కోయడం గురించి ఇంకో రెండు విషయాలు చెప్పాలి, షెడ్డులో ఎవరూ ఇవి చెప్పరు. 20 మి.మీ. కోస్తే ఖాళీ 20 పెరుగుతుంది, నిజమే. కానీ మొత్తం ప్రయాణం పెరిగేది 5 మాత్రమే, ఎందుకంటే దిమ్మ ఎత్తు 17 నుంచి 12కి తగ్గుతుంది, అంతే. స్టాప్ ఆలస్యంగా తగులుతుంది కాబట్టి కారుకు ప్రయాణం పెరిగినట్టు అనిపిస్తుంది. రెండోది, అదే పదార్థం, అదే మందం ఉన్న ముక్క పొట్టిదైతే గట్టిదవుతుంది. 68 ముక్కను 20 మి.మీ. నొక్కడానికి పట్టే బలం, 34 ముక్కను 10 మి.మీ. నొక్కడానికే పడుతుంది. శాతం ఒకటే, దూరం సగం. కాబట్టి సగానికి కోసిన స్టాప్ దిమ్మ అయ్యేలోపు మింగగలిగే శక్తి కూడా సగమే. కోసిన కొత్తలో కాలనీ రోడ్ల మీద కారు మెత్తగా అనిపించి, వారం తర్వాత పెద్ద గుంతలో సుత్తితో కొట్టినట్టు తగలడానికి కారణం ఇదే.

అయితే అసలు ఇప్పుడు ధడ్‌మనేది ఎందుకు? మీరు ఖాళీ కారులో కొలిచారు, అప్పుడు స్టాప్‌కూ స్ట్రట్ బాడీకీ మధ్య ఖాళీ 22 మి.మీ. (90లోంచి 68 పోగా). కానీ కారు ఖాళీగా నడవదు కదా. మీరూ పక్కన ఇంకొకరూ కూర్చుంటే 140 కిలోలు, అందులో సగం ముందు చక్రాల మీద పడుతుంది. ఒక్కో చక్రానికి 35 కిలోలు. లోయరింగ్ స్ప్రింగ్ మిల్లీమీటరుకు 2.8 కిలోలదని లెక్కకు తీసుకుందాం (మీ కిట్ డబ్బా మీద అసలు అంకె ఉంటే దాన్ని వాడండి). 35ను 2.8తో భాగిస్తే పన్నెండున్నర. అంటే ఇద్దరు కూర్చోగానే మీ 22 కాస్తా 10 అయిపోయింది. మెట్రో పిల్లర్ల పక్కన అతుకులేసిన తారు రోడ్డు మీద చక్రం పైకి కిందికి 10 మి.మీ. కదలడం మామూలే. మీరు స్టాప్ మీదే బండి నడుపుతున్నారు. పైగా 2015 కారులో స్టాపులు ఇంకా పాతవే అయితే, తడికి, వేడికి ఆ పాలియురెథేన్ పొడి అయిపోయి ఉండొచ్చు. వేలితో నొక్కితే ముక్కలు రాలితే దాన్ని కోసే ప్రశ్నే లేదు, మార్చేయడమే.

ఇప్పుడు 22 దగ్గర నుంచి పైకి వెళ్దాం. 90లోంచి 22 తీసేస్తే మొత్తం ప్రయాణం 68 మి.మీ. ఇద్దరు కూర్చున్నాక 56. ఇదే మీ ఆస్తి, దీన్ని ఖాళీకి, స్టాప్‌కు మధ్య పంచుకోవాలి. మూడు రకాలుగా పంచొచ్చు. కంపెనీ 68 స్టాప్ కోయకుండా 5 మి.మీ. ప్యాకర్ పెడితే దిమ్మ ఎత్తు 22, కానీ ఇద్దరితో ఖాళీ 5 మాత్రమే. 10 కోసి 58 చేసి 8 ప్యాకర్ పెడితే దిమ్మ ఎత్తు 22న్నర, ఖాళీ 12. 20 కోసి 48 చేసి 10 ప్యాకర్ పెడితే దిమ్మ ఎత్తు 22, ఖాళీ 20. మూడింటిలోనూ టైరు క్షేమమే. మారేది చక్రం స్టాప్‌ను ఎప్పుడు తాకుతుంది, తాకాక ఎంత నెమ్మదిగా గట్టిపడుతుంది అన్నదే.

నేను 48ని ఎంచుకోవడానికి కారణం పట్నంలో రోజూ వచ్చే చిన్న కుదుపులు. 20 మి.మీ. ఖాళీ ఉంటే వాటిలో చాలావరకు స్టాప్ దాకా రావు. 48లో మిగిలిన 36 మి.మీ. పెద్ద దెబ్బలకు సరిపోతుందా అని చూడాలి. ఒక ముందు చక్రం మోసే బరువు, ఇద్దరితో కలిపి, 335 కిలోలు అనుకుందాం. గుంతలో ఆ బరువు క్షణకాలం మూడింతలైతే, అదనంగా మోయాల్సింది 670 కిలోలు. అసలు స్ప్రింగ్ 56 మి.మీ.లో ఇవ్వగలిగేది 56 ఇంటూ 2.8, అంటే సుమారు 157. మిగతా 513 కిలోలు స్టాప్ మోయాలి. షాక్ కొంత పంచుకుంటుంది కానీ దాన్ని నమ్ముకుని లెక్క వేయకూడదు. గాలి గదులున్న మంచి పాలియురెథేన్ స్టాప్ 75 శాతం నొక్కుకున్నప్పుడు ఈ బరువు మోయగలదు. కొనేటప్పుడు కంపెనీ గ్రాఫ్ ఇస్తే, 36 మి.మీ. నొక్కుడు దగ్గర అది కనీసం 500 కిలోల దగ్గర ఉందో లేదో చూడండి. బాగా తక్కువ ఉంటే ఆ పదార్థం మీ కారుకు మరీ మెత్తన. 15 మి.మీ. నొక్కుడుకే 150 కిలోలు దాటుతుంటే మరీ గట్టిది, దాంతో మళ్లీ ధడ్‌మంటుంది.

మలుపుల్లో ఏమవుతుందో కూడా ఈ అంకెలే చెప్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు దిగే గుండ్రటి ర్యాంపులో కాస్త వేగంగా తిరిగితే కారు 3 డిగ్రీలు వాలుతుందనుకోండి. రెండు చక్రాల మధ్య వెడల్పులో సగం 730 మి.మీ. తీసుకుంటే, బయటి చక్రం దగ్గర అది 38 మి.మీ. నొక్కుడు. 20 ఖాళీ పోగా 18 మి.మీ. స్టాప్ లోపలికి వెళ్తుంది, అంటే 48లో 37 శాతం. ఇంకా మెత్తని భాగమే. స్టీరింగ్ కొంచెం బరువెక్కి, కారు ముందువైపు మెల్లగా బయటికి జారుతున్నట్టు అనిపిస్తుంది, మీకు సర్దుకునే సమయం ఉంటుంది. సగానికి కోసిన 34 స్టాప్‌తో అయితే అదే మలుపులో స్టాప్ ఇంకా తాకనే తాకదు. అప్పుడే రోడ్డు అతుకు ఒకటి వస్తే, గట్టిపడిన పొట్టి ముక్కకు ఒక్కసారిగా తగులుతుంది. ఆ క్షణంలో ముందు టైరు పట్టు ఎగిరిపోతుంది.

ఇదే వెనకవైపు జరిగితే ఇంకా ప్రమాదం. వెనక బయటి చక్రం ఉన్నట్టుండి స్టాప్‌కు గట్టిగా తగిలితే తోక విసురుతుంది, దాన్ని పట్టుకోవడం అందరికీ చేతకాదు. అందుకే వెనక సంగతి విడిగా రాస్తున్నాను.

పోలో వెనకవైపు ట్విస్ట్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే దూలం. స్ప్రింగ్ వేరు, షాక్ వేరు, స్టాప్ ఉండేది షాక్ రాడ్డు మీద. ఖాళీ కారులో మీ ఖాళీ 30 మి.మీ. ముందుకంటే ఎక్కువే కదా, ఇంకా కోస్తే ఇంకా మెత్తన కదా అని అనిపిస్తుంది. కానీ హ్యాచ్‌బ్యాక్‌లో వెనక బరువు మారినంతగా ముందు బరువు మారదు. వెనక ముగ్గురు, డిక్కీలో పండక్కి ఊరెళ్లే సామాను పెట్టండి. ఒక్కో వెనక చక్రం మీద సుమారు 100 కిలోలు పెరుగుతుంది. చక్రం దగ్గర స్ప్రింగ్ బలం మిల్లీమీటరుకు 2.2 కిలోలైతే, స్ప్రింగ్ ఒక్కటే మోస్తే 45 మి.మీ. దిగుతుంది. 30 దాటగానే మీ 80 మి.మీ. పొడవాటి స్టాప్ చేయి కలుపుతుంది కాబట్టి 40 దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి దిమ్మ అయ్యేదాకా ఇంకా 50 మి.మీ. ఉంది, అది కూడా మెల్లగా గట్టిపడుతూ. విజయవాడ దాకా నలుగురైదుగురితో సుఖంగా వెళ్లడానికి కావాల్సింది సరిగ్గా ఇదే. కంపెనీ అంత పొడుగు స్టాప్ పెట్టింది ఇందుకే. దాన్ని 40కి కోస్తే కారు వెనక ఇంకా కుంగుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి, మిగిలిన పొట్టి ముక్క మీద మొత్తం బరువు పడుతుంది. వెనక స్టాప్ పాతబడి ఉంటే అదే పొడవు కొత్తది వేయండి. వెనక టైరు ఎక్కడ తగులుతుందో మాత్రం ముందులాగే స్ప్రింగ్ తీసి ఒకసారి కొలవండి. 20 కంటే పైనే తగిలితే అక్కడా ప్యాకర్ కావాలి.

స్ప్రింగ్ చుట్ల మధ్య దూర్చే రబ్బరు రింగుల గురించి కూడా అడిగారు. దుకాణాల్లో వాటినీ బఫర్లనే అమ్ముతారు. అవి బంప్ స్టాప్‌కు బదులు కావు. రెండు చుట్లను పనిచేయకుండా ఆపేస్తాయి, దాంతో స్ప్రింగ్ ఒకచోట గట్టిగా, మిగతాచోట్ల ఎక్కువ ఒత్తిడితో పనిచేస్తుంది. ముందే పొట్టిగా ఉన్న లోయరింగ్ స్ప్రింగ్‌లో అవి వద్దే వద్దు.

ఇక చేతి పని. స్ప్రింగ్ తీయడానికి సరైన స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్నచోటే చేయించండి. తాడు కట్టి, ఇద్దరు తొక్కిపట్టి నట్టు విప్పే షెడ్డు నుంచి బయటికి వచ్చేయండి, ఆ స్ప్రింగ్ ఎగిరితే దవడ పగులుతుంది. కారును జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలపాలి.

స్టాప్‌ను సన్నని, శంకువులా ఉన్న చివర కోయకూడదు. ఆ చివరే మెత్తగా మొదలయ్యే భాగం. దాన్ని కోస్తే మిగిలేది మొద్దు ముక్క, తాకిన మొదటి మి.మీ. నుంచే గట్టిగా ఉంటుంది. కోయాల్సింది పైన, కప్పులో కూర్చునే మందపాటి వైపు. అయితే కొన్ని స్టాపులకు ఆ వైపున మౌంటింగ్‌లో బిగుసుకునే అంచు ఉంటుంది. మీది అలాంటిదైతే కోయకుండా 48 నుంచి 50 మధ్య పొడవున్న వేరే స్టాప్ కొనడమే మేలు. కోసే చోటు ఉబ్బు మీద కాకుండా రెండు ఉబ్బుల మధ్య గాడిలో పడేలా చూసుకోండి. దానికోసం రెండు మూడు మి.మీ. అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, ప్యాకర్‌తో సరిచేయొచ్చు. కొత్త హాక్సా బ్లేడుకు సబ్బు నీళ్లు రాసి, చుట్టూ టేపు గుర్తు పెట్టుకుని నిటారుగా కోయండి. వంకర కోత ఉంటే స్టాప్ ఒక పక్కకు వంగి రాడ్డును రాస్తుంది.

ప్యాకర్ లేత్ షాపులో నైలాన్ రాడ్డుతో చేయించండి. బయటి వ్యాసం స్టాప్ అడుగుకు సమానంగా, లోపలి రంధ్రం షాక్ రాడ్డు కంటే 2 మి.మీ. పెద్దగా, అంచులు నున్నగా ఉండాలి. ఇనుప వాషర్లు పేర్చొద్దు, అవి రాడ్డు మీద గీతలు పెడతాయి, ఒక్క గీత చాలు సీల్ కారడానికి. ప్యాకర్ వెళ్లాల్సింది కప్పుకూ స్టాప్‌కూ మధ్య. స్టాప్ వచ్చి తగిలే చోట, స్ట్రట్ బాడీ నెత్తిన ఒక ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. పాత కార్లలో అది పగిలిపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది లేకపోతే ప్రతి దెబ్బా నేరుగా ఆయిల్ సీల్ దగ్గర పడుతుంది. డస్ట్ కవర్ కూడా తప్పనిసరిగా వేయండి. పొడవు ఎక్కువై ముడతలు స్టాప్ కింద నలుగుతుంటే రెండు ముడతలు తీసేయండి, కవర్ మొత్తం పారేయొద్దు. వానాకాలం బురద రాడ్డు మీద ఎండి సీల్‌ను గీకేస్తుంది.

బిగించాక నా లెక్కను నమ్మి వదిలేయకండి. డస్ట్ కవర్ కింది అంచును కాస్త పైకి లేపి, రాడ్డుకు సన్నని ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి, స్ట్రట్ బాడీకి ఆనేదాకా కిందికి దించండి. స్టాప్ దాన్ని నలిపేయకుండా తల చిన్నగా ఉండే ట్యాగ్ వాడండి. ఇద్దరు కూర్చుని మీరు రోజూ వెళ్లే దారిలో, రోజూ వెళ్లే వేగంతో తిరిగి రండి. ట్యాగ్ రాడ్డు మీద పైకి జరిగిన దూరంలోంచి, దాన్ని దించినప్పుడు ఉన్న ఖాళీని తీసేస్తే మిగిలినంత లోతుకు స్టాప్ పనిచేసిందన్నమాట. లైనర్ లోపల పిల్లల ఆట బంకమట్టి చిన్న ముద్ద అంటిస్తే టైరు తాకిందో లేదో అది చెప్తుంది. మామూలు రోజుల్లో స్టాప్ సగం లోపు, ఎప్పుడో ఒక పెద్ద గుంతలో 70 శాతం దాకా వెళ్తే అంతా బాగున్నట్టు. రోజూ 70 దాటుతుంటే స్టాప్ మార్చినా లాభం లేదు, కారు ఎత్తు పెంచాలి.

ఆ మాట ఇప్పుడే ఎందుకు అంటున్నానంటే, ఇద్దరితో 56 మి.మీ. ప్రయాణం మన రోడ్లకు అంచున ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ఐఆర్‌సీ 99 ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 100 మి.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, 25 కి.మీ. వేగంతో దాటేలా. అలా కట్టినదాన్ని మీ కారు హాయిగా దాటుతుంది. కాలనీల్లో మనవాళ్లు వేసుకునే అడుగున్నర వెడల్పు సిమెంట్ దిబ్బల సంగతి అందరికీ తెలుసు. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ కూడా అంతే కిందికి వస్తుంది. ఇద్దరు కూర్చున్నాక చాంబర్ కింద 120 మి.మీ. ఉంటే, స్టాప్ దిమ్మ అయినప్పుడు 64 మిగులుతుంది. స్టాప్ తీసేయమన్న ఆయనకు ఈ లెక్క చూపించండి. స్టాప్ లేకపోతే చాంబర్‌కు మిగిలేది ఇంకా 16 తక్కువ. అదీ షాక్ అడుగుకు తగిలి ఆగితేనే.

25 మి.మీ. దించే స్ప్రింగులు దొరికితే వాటికి మారడం నేను సిఫారసు చేసే దారి. ఆ 15 మి.మీ. నేరుగా మీ 56కి కలిసి 71 అవుతుంది, కంపెనీ 68 స్టాప్‌నే కోయకుండా 5 ప్యాకర్‌తో వాడుకోవచ్చు, ఖాళీ కూడా 20 వస్తుంది. చూడటానికి 25కీ 40కీ తేడా మీకు, మీ స్నేహితులకు తెలుస్తుందేమో కానీ, నడిపేటప్పుడు తేడా అందరికీ తెలుస్తుంది. 40 దించిన రూపమే కావాలంటే, పొట్టి బాడీ ఉన్న కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగేలా స్ప్రింగ్, షాక్ కలిసి వచ్చే సెట్లు) చూడండి. కింది బ్రాకెట్ తిప్పి ఎత్తు మార్చే రకమైతే కారు దించినా షాక్ లోపలి ప్రయాణం తగ్గదు. కానీ అక్కడ టైరు తగలడమే హద్దు అవుతుంది కాబట్టి, దించిన ప్రతి మి.మీ.కు ప్యాకర్ పెంచాలి. కిట్‌తో వచ్చిన స్టాప్ సరిపోతుందనుకుని వదిలేసి, ఫెండర్ అంచు కోసుకున్న టైర్లతో వచ్చే కార్లు తక్కువేమీ కావు.

ఇంకొకటి చూడండి. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు లోయరింగ్ స్ప్రింగ్ తన కప్పుల్లో బిగుతుగానే ఉందా? చేత్తో తిప్పితే గలగలమని తిరుగుతుంటే, షాక్ పూర్తిగా సాగినప్పుడు స్ప్రింగ్ వదులవుతోందన్నమాట. అప్పుడు ఎత్తు దిగే ప్రతిసారీ వచ్చే శబ్దం స్టాప్‌ది కాకపోవచ్చు.

ముందు స్టీరింగ్ రెండు వైపులా తిప్పి టైరు ఎక్కడ తగులుతుందో, వెనక టైరు ఎక్కడ తగులుతుందో కొలిచి ఇక్కడ రాయండి. ముందు 18 కంటే పెద్ద అంకె వస్తే, అది పెరిగినంతా ప్యాకర్‌కు కలపండి. 24 దాటితే ఇంక కోతల జోలికి పోకుండా 25 మి.మీ. స్ప్రింగులకు ఆర్డర్ పెట్టేయండి.